పేరు చదివే శుక్రవారం

అలవాటు అని సరిపెట్టుకోవచ్చు. కానీ అలవాటు కూడా ఎక్కడో ఒకచోట కోరికగానే మొదలై ఉండాలి కదా. కోరిక పోయాక దాని చొక్కా ఒక్కటే రోజూ బస్సెక్కి పనికి వస్తుందా. లోసాలినే తన ఆఫీసు గది గాజు పలక వెనక నిలబడి ఈ మాట అనుకుంది. నిన్న కూడా ఇక్కడే నిలబడి ఇదే అనుకున్నట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు కూడా ఏమీ అనిపించలేదు. చేతిలోని టీ తాగింది. చల్లారిపోయి ఉంది. ఎప్పుడు చల్లారిందో తెలియదు.

గాజుకు అవతల ఆడవాళ్లు వస్తున్నారు. నడుముకు కట్టుకున్న నార అల్లిక పట్టీలు సర్దుకుంటూ, ఒకరినొకరు దెప్పుకుంటూ, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ఎవరి యంత్రం ముందు వాళ్లు నిలబడ్డారు. ఎవరో గొంతు సవరించుకున్నారు. కీర్తన మొదలైంది. నాలుగు పాయలుగా విడిపోయి మళ్లీ కలిసే ఆ పాటకు రేకుల కప్పు సన్నగా అదురుతుంది. పాట తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత ఉన్ని. ఏడాది పొడవునా చెమటలు పట్టే టోంగాలో, నుకుఅలోఫా పట్నం అంచున, న్యూజిలాండు చలికాలానికి స్వెట్టర్లు తయారుచేసే కార్ఖానా అది.

ఈ ఆడవాళ్లకు పని మీద కోరిక పుట్టించడం లోసాలినే ఉద్యోగం. అందుకోసమే ఆక్లండులో మనస్తత్వశాస్త్రం చదివి వచ్చింది. మనిషి ఎందుకు కదులుతాడు, ఏది చూపిస్తే ముందుకొస్తాడు, ఏది తీసేస్తే ఆగిపోతాడు. అక్కడి తరగతి గదిలో అదంతా చాలా సబబుగా కనిపించింది. కష్టపడితే పని అవుతుందన్న నమ్మకం, పని అయితే ఫలం దక్కుతుందన్న నమ్మకం, ఆ ఫలం మీద మోజు. ఈ మూడింటినీ కూడకూడదు, గుణించాలి అని చెప్పేవాడు ఒక గురువు. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. ఈమధ్య ఆమెకు ఆ లెక్కను తన మీదే వేసుకోవడం ఒక కాలక్షేపమైంది. సున్నా ఎక్కడుందో వెతుకుతుంది. మూడూ కొంచెం కొంచెం ఉన్నట్టే ఉంటాయి. గుణిస్తే మాత్రం ఏమీ మిగలదు.

మూడో వరసలో, కిటికీ పక్క యంత్రం ముందు ఆమె మేనత్త పలూకి కూర్చుంది. ఆ వరసకు పెద్ద ఆమే. స్వెట్టరు ఒంటిని, మెడపట్టీని కలిపి కుట్టే యంత్రం అది. గుండ్రటి ఇత్తడి చక్రం, దాని చుట్టూ దువ్వెన పళ్లలా సూదులు. అల్లికలోని ఒక్కో ఉన్ని ఉచ్చునూ, దాన్ని కన్ను అంటారు, ఒక్కో సూదికి తగిలించాలి. కళ్లతో చూసి చేసే పని కాదు. అంత సన్నని కన్ను సూది మీద కూర్చున్నదీ లేనిదీ వేలికొసకే తెలుస్తుంది. ఒక్కటి తప్పినా అక్కడినుంచి అల్లిక జారి, మెడ కింద చిల్లు పడుతుంది.

పలూకి కుడిచేతిని బల్ల కిందికి దించి, తడి విదిలించినట్టు విదిలించింది. మళ్లీ పైకి తెచ్చింది. కాసేపటికి మళ్లీ విదిలించింది.

"గాజు వెనక నిలబడితే చేపలు వాళ్లా, నువ్వా?"

మేనేజరు పెనిసిమానీ తలుపు తోసుకుని వచ్చాడు. భారీ మనిషి. ఆదివారాలు చర్చిలో వాక్యం చెబుతాడు. అందుకే కార్ఖానాలో కూడా ప్రతి మాటకు ముందు ఒకసారి ఆగి, జనం సర్దుకున్నారో లేదో చూసుకుంటాడు. గదిలో లోసాలినే ఒక్కతే ఉన్నా చూసుకున్నాడు.

"ఆక్లండు నుంచి యజమాని ఫోను చేశాడమ్మాయ్. తెగ సంబరపడిపోతున్నాడు. నీ శుక్రవారం తంతు ఫిజీలో ఉన్న కార్ఖానాలో కూడా పెట్టాలట. ఏడాది పాటు నువ్వక్కడుండి నేర్పాలట. ఇల్లిస్తారట."

"సరేనండీ."

"సరేనా? నేను నీ వయసులో ఫిజీ పడవ ఎక్కమంటే ఈత కొట్టుకుంటూ పోయేవాణ్ణి."

"వెళ్తాను."

అతను ఆమె మొహంలోకి చూసి, అక్కడ చూడటానికి ఏమీ దొరక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకో సంగతి. మూడో వరస మెడపట్టీల్లో చిల్లులు పడుతున్నాయి. పక్క యంత్రం పిల్ల తెమలేతి వాటిని విప్పి మళ్లీ కుడుతోంది, ఎవరూ చూడట్లేదనుకుని. ఎవరి చేతివో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆవిణ్ణి సంచుల గదికి మార్చెయ్. మడిచి సంచిలో పెట్టడమే కదా. మార్చే అధికారం నీది."

"మీరు చెప్పొచ్చు కదా?"

"నేనా? ఆదివారం కీర్తనలో ఆవిడ శృతి దించేస్తే నా వాక్యం ఎవరు వింటారు? పైగా నీ మేనత్త."

"అందుకే మిమ్మల్ని చెప్పమన్నాను."

"అందుకేనమ్మా నేను చెప్పనిది. నేను చెబితే నీ ఇంటి గుట్టు నేను విప్పినట్టు. నువ్వు చెబితే నువ్వు మేనత్తకు ఎదురు నిలిచినట్టు. ఇద్దరిలో ఎవరికి జీతం ఎక్కువో నాకు తెలుసు గానీ, ఎవరికి ధైర్యం ఎక్కువుండాలో మాత్రం ఆ చదువు చదివినదానివి నువ్వే చెప్పు."

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మాట మాత్రం అబద్ధం కాదు. తండ్రికి అక్కయినా చెల్లెలైనా, ఆయన పిల్లలకు ఆమెకంటే పైన ఇంకెవరూ లేరు. పెళ్లిలో ఎత్తైన చోటు ఆమెది, శవం తల దగ్గర చోటు ఆమెది. అన్నదమ్ముల ఇంట్లో ఏది నచ్చితే అది పట్టుకెళ్లడం ఆమె హక్కు. లోసాలినే చిన్నప్పుడు పలూకి ఒక మధ్యాహ్నం వచ్చి రేడియో చంకన పెట్టుకుని వెళ్లింది; నాన్న వీధి చివరిదాకా వెళ్లి దాని బ్యాటరీలు కూడా ఇచ్చి వచ్చాడు. మేనత్త తీసుకుంటుంది. మేనత్త చేతిలోంచి ఎవరూ తీసుకోరు. ఆమె మనసు నొచ్చుకుంటే మేనకోడలికి కాన్పు తిరగబడుతుందని అంటారు. లోసాలినేకు అలాంటి నమ్మకాలు లేవు. వానలు మొదలవకముందే మేనత్తను ఆస్పత్రికి తీసుకెళ్లింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందని, ఈ పని మానకపోతే బొటనవేలు మళ్లీ పనికిరాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు వానలు పోయి ఎండలు కాస్తున్నాయి. నమ్మకాలు లేని లోసాలినే ఇంకా గాజు వెనకే ఉంది.

ఆ శుక్రవారం తంతు ఆమె చివరి ప్రయత్నం. అంతకు ముందు చదువుకున్నవన్నీ ఒక్కొక్కటే చేసి చూసింది.

మొదట నిచ్చెన. తిండి, రక్షణ, నలుగురితో కలిసి ఉండటం, గౌరవం, అన్నిటికంటే పైన తనలో ఉన్నది తాను పూర్తిగా కావడం. కింది మెట్టు నిండనిదే కాలు పై మెట్టుకు లేవదని సిద్ధాంతం. వరస పెద్దల్ని కూర్చోబెట్టి నల్లబల్ల మీద గీసి చూపించింది. "కానుకల నెలలో మనం ఒట్టి కర్రపెండలం తిని పందిని చర్చికిస్తాం కదా, అప్పుడు నిచ్చెనకు తలకిందులుగా వేలాడుతున్నట్టా?" అన్నాడు పెనిసిమానీ. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పటికి నవ్వు వచ్చేది.

తర్వాత పంకాలు. లేకపోతే చిరాకు పుట్టించేవి వేరు, ఉంటే ఉత్సాహం పుట్టించేవి వేరు అని ఇంకొక సిద్ధాంతం. పంకాలు పెట్టించింది. చిరాకు తగ్గింది, పని పెరగలేదు. సిద్ధాంతం చెప్పిందీ అదే కాబట్టి తను ఓడిందో గెలిచిందో తేల్చుకోలేకపోయింది.

ఆ తర్వాత ఫోటో. నెలలో అందరికంటే బాగా పనిచేసిన మనిషి ఫోటో గుమ్మం పక్కన వేలాడదీయడం. మొదటి నెల తెమలేతి మొహం వేలాడింది. సోమవారం తెమలేతి పనికి రాలేదు. మంగళవారం వాళ్లమ్మ వచ్చింది, చంకలో కొత్త చాప చుట్టతో. గుమ్మం దగ్గర నేల మీద చతికిలబడి, ఇంతమంది పెద్దవాళ్ల నెత్తిన తన పిల్ల మొహం ఎక్కినందుకు క్షమించమంది. పిల్లకు బుద్ధి చెప్పానని, ఇకనుంచి అంత బాగా చేయదని మాట ఇచ్చింది. ఆ చాపను లోసాలినే తీసుకోక తప్పలేదు. తీసుకోకపోతే క్షమించనట్టు.

అలాంటి రోజుల్లోనే చర్చిలో మిసినాలే వచ్చింది, ఏడాదికొకసారి కానుకలిచ్చే రోజు. బల్ల మీద ఇత్తడి పళ్లెం. ఒక్కో కుటుంబం పేరు పిలుస్తారు. ఆ కుటుంబం పాడుతూ, ఆడుతూ వచ్చి పళ్లెంలో వేస్తుంది. ఇచ్చింది ఎంతో పైకి చదువుతారు. చప్పట్లు. నిరుటికంటే తగ్గితే ఎవరో ఒక ముసలామె లేచి, ఎక్కడెక్కడివో తడుముకుని, మళ్లీ ఆడుతూ వెళ్లి ఇంకొంచెం వేస్తుంది. వెనక బెంచీలో కూర్చున్న లోసాలినే ఒళ్లు జలదరించింది. ఇంతకాలం ఎక్కడెక్కడో వెతికినది ఇక్కడుంది. ఏదైనా అంత గట్టిగా అనిపించడం అదే ఆఖరుసారి అని ఇప్పుడు లెక్క చూసుకుంటే తెలుస్తోంది.

ఒక్కరి పేరైతే సిగ్గుపడతారు, వరస పెద్ద పేరైతే పడరు. శుక్రవారం సాయంత్రం పని ఆగే ముందు మైకు పట్టుకుని వరస పెద్ద పేరు, ఆ వరస ముగించిన స్వెట్టర్ల లెక్క చదివింది. మొదటి వారం నిశ్శబ్దంగా విన్నారు. రెండో వారం రెండో వరస లేచి పాడింది. నెల తిరిగేసరికి ప్రతి వరస పెద్దా చేతుల నిండా స్వెట్టర్లు మోసుకుంటూ, వెనక తన వరస వాళ్లు చప్పట్లు కొడుతుంటే, ఆడుతూ వచ్చి బల్ల మీద పెట్టడం మొదలైంది. సోమవారం ముగించినవి ఎవరూ సోమవారం ఇవ్వడం లేదు. పాత గుడ్డలో చుట్టి, యంత్రం కింద, పెళ్లికి దాచిన చాపల్లా దాచుకుంటున్నారు. కానుకను ఎవరైనా రోజుకు కాస్త చొప్పున ఇస్తారా? "నాలుగు రోజులు ఎండిపోయిన బావి, ఐదో రోజు వరద," అని పెనిసిమానీ మొత్తుకున్నాడు. కానీ వరద పెద్దదే. మొత్తం లెక్క పెరిగింది. యజమాని సంబరం అందుకే.

పెరిగిన ఆ లెక్కలో మేనత్త బొటనవేలు కూడా ఉందని లోసాలినేకు తెలుసు. తెలియడానికీ అనిపించడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మధ్యాహ్నం కార్ఖానా వెనక సీమపనస నీడలో మూడో వరస వాళ్లు తింటున్నారు. లోసాలినే వెళ్లి పక్కన కూర్చుంది. చేమాకులో మాంసం, కొబ్బరిపాలు పెట్టి కాల్చిన తన పొట్లం ఇంకా విప్పలేదు. పలూకి చెయ్యి చాచి పొట్లం లాక్కుంది.

"నీకు ఆకలి ఉండదు కదా."

"ఉండదని ఎవరు చెప్పారు?"

"నీ మొహం చెప్పింది. అసలిప్పుడు నీకు మొహమే లేదులే. ముందు ఒకటుండేది, మా అన్న మొహం లాంటిది, పెద్ద గొప్పదేం కాదు గానీ ఉండేది."

తెమలేతి కిసుక్కున నవ్వి, నవ్వినందుకు తల దించుకుంది. ఆమె పొయ్యి మీంచి నీళ్లు దించి రేకు కప్పుల్లో టీ పోసింది. ఎవరి కప్పు వాళ్లు గడ్డి మీదే పెట్టుకుని చల్లారేదాకా చూస్తున్నారు. పలూకి మాత్రం కప్పును కుడిచేత్తో చుట్టి పట్టుకుని, పొట్లం రుచి గురించి మాట్లాడుతోంది.

"అత్తా," అంది తెమలేతి నెమ్మదిగా. "కప్పు."

"ఏం?"

"ఇప్పుడే దించానత్తా. మరిగి మరిగి ఉంది."

పలూకి కప్పు వైపు చూసింది. ఎడమచేత్తో పట్టుకోబోయింది, ఎడమచెయ్యి ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. కప్పు కింద పెట్టి, ఎర్రబడిన కుడి అరచేతిని వేరెవరిదో అన్నట్టు తిప్పి చూసుకుంది.

"నా కుడిచెయ్యి మా ఆయన లాగే అయిపోయిందే. ఏం పెట్టినా తెలుసుకోదు."

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వు ఆగేదాకా లోసాలినే గడ్డి పీకుతూ ఆగింది.

"అత్తా, సంచుల గదిలో కిటికీ ఉంది. గాలి బాగా వస్తుంది."

"వస్తే రానీ."

"జీతం అదే."

"సంచుల గదికి వరస ఉందా?"

"లేదు."

"వరస లేకపోతే వరస పెద్దా లేదు. శుక్రవారం ఏం చదువుతావు? ‘సంచులు’ అని చదువుతావా?"

"డాక్టరు చెప్పింది విన్నావు కదా. ఇంకొన్నాళ్లయితే బొటనవేలు మళ్లీ రాదు."

"రాకపోతే మానె. కీర్తన వేలితో పాడతానా?"

"చాప అల్లలేవు. చేప ముల్లు తీయలేవు. జడ వేసుకోలేవు."

"తెమలేతి వేస్తుంది. ఏమే, వెయ్యవూ?"

"వేస్తానత్తా," అంది తెమలేతి. కళ్లు మాత్రం లోసాలినే వైపు తిప్పింది, ఏదైనా చెప్పమన్నట్టు, వెంటనే తిప్పేసుకుంది.

"అయితే చదవడమే ఆపేస్తాను," అంది లోసాలినే. గొంతు కోపంగా కూడా లేదు. బస్సు ఏ వైపు వెళ్తుందో చెప్పినట్టు ఉంది.

పలూకి పొట్లం ఆకును నాలుగు మడతలు పెట్టింది. కుడిచేతిలో ఆకు నిలవలేదు, జారింది. ఎడమచేత్తో తీసి మళ్లీ మడిచింది.

"ఆపు. నోరు నీది, మైకు నీది." మడిచిన ఆకు పక్కన పెట్టింది. "చర్చిలో మీ నాన్న పేరు చదువుతారు. అంతకుముందు మా నాన్న పేరు చదివేవారు. నేనల్లిన చాపలు, నేను పెంచిన పందులు ఆ పేరులోకే పోయాయి. అట్లాగే పోవాలి, నాకేం బాధ లేదు. పెళ్లికెళితే పైన కూచోబెడతారు. మేనత్త వచ్చింది, జరగండి అంటారు. పలూకి వచ్చింది అని ఏ పెళ్లిలోనూ ఎవరూ అనలేదు. నువ్వా డబ్బాలోంచి మొదటిసారి పలూకి అని పిలిచిన రోజు, ఎవరినో పిలుస్తున్నావనుకుని అటూ ఇటూ చూశాను."

"నేను డొక్కలో పొడిచాను, నిన్నే అత్తా లే అని," అంది తెమలేతి.

"గట్టిగా పొడిచింది కూడాను. కమిలిపోయింది."

మళ్లీ నవ్వులు. నాలుగో మెట్టు, అనుకుంది లోసాలినే. గౌరవం. నిచ్చెన తప్పు కాదన్నమాట. ఒక ముసలి మనిషి కింది మెట్లన్నీ ఒక్కొక్కటే విరగ్గొట్టి వాటి మీదే నిలబడి నాలుగో మెట్టు అందుకుంది. సిద్ధాంతం రుజువైంది. రుజువైనందుకు ఎక్కడా ఏమీ కదలలేదు.

"నిన్ను సంచుల గదికి మారుస్తానత్తా. నాకు అధికారం ఉంది."

అందరూ తినడం ఆపారు. పలూకి మాత్రం తాపీగా చెయ్యి తుడుచుకుంది.

"మార్చు. అయితే ముందొచ్చి నా చేతిలోని పని నువ్వే తీసుకోవాలి. కాగితాలు పంపొద్దు, ఆ లావుపాటి వాక్యం మనిషిని పంపొద్దు. నువ్వొచ్చి, అందరి ముందూ, నా చేతిలోంచి తీసుకో. తీసుకున్నాక మళ్లీ నన్ను అత్తా అని పిలవొద్దు. మీ నాన్న పోయినప్పుడు ఆయన తల దగ్గర కూచోడానికి ఇంకెవరినైనా వెతుక్కోండి."

అంతే. గొంతు పెంచలేదు. లేచి, నడుము పట్టీ సర్దుకుని, తన కప్పులోని టీ అలాగే వదిలేసి లోపలికి వెళ్లింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే లేచారు. తెమలేతి కప్పులన్నీ ఏరుకుంటూ వెనకబడింది.

"అక్కా," అంది. "రాత్రుళ్లు చెయ్యి మంచం కిందికి వేలాడేసుకుని కూచుంటుందట. నిద్ర పోదట. నేను చెప్పానని చెప్పొద్దు."

"సరే."

"నేను ఎన్నని విప్పి కుట్టను?"

"సరేలే."

తెమలేతి కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నమంతా లోసాలినే బల్ల ముందు కూర్చుంది. ఫిజీకి రాయాల్సిన జవాబు రాసింది. డాక్టరు ఆ రోజు కాగితం మీద గీసి చూపించిన బొమ్మ గుర్తొచ్చింది. చెయ్యి బాగానే ఉంది, తల బాగానే ఉంది అన్నాడు, మధ్యలో ఒక ఇరుకు దగ్గర కబురు ఆగిపోతోంది, అంతే. తనకు ఆ ఇరుకు ఎక్కడుందో అనుకుంది. తండ్రి పోవడం ఊహించుకుని చూసింది. తల దగ్గర ఖాళీ చోటు. జనం ఆ ఖాళీని చూసి తమలో తాము మాట్లాడుకోవడం. తన పుట్టని పిల్లల్ని కూడా ఊహించుకుంది. ఒక్కొక్కదాని ముందూ ఆగి, ఇప్పుడేమైనా అనిపిస్తుందేమోనని చూసింది, పంటి నొప్పిని నాలుకతో తడిమి చూసినట్టు. ఏదీ నొప్పి పెట్టలేదు.

ఎందుకు పని చేస్తారో చెప్పేవి ఇన్ని సిద్ధాంతాలు ఉన్నాయి. ఎందుకు ఆపలేకపోతారో చెప్పేది ఒక్కటీ లేదు. భయం ఉంటే భయమే కారణం అనవచ్చు. ప్రేమ ఉంటే ప్రేమ. ఏదీ లేనప్పుడు చెయ్యి లేవడానికి ఏం కావాలి? అనిపించడం ముందు, చేయడం తర్వాత అని అన్ని పుస్తకాలూ ఒకే వరసలో చెప్పాయి. ఆ వరసను నమ్ముకునే ఇన్నాళ్లూ కూర్చుంది, ముందుది వస్తే తర్వాతది అదే వస్తుందని.

ఆ రోజు శుక్రవారమే. సాయంత్రం యంత్రాల చప్పుడు తగ్గింది. లోసాలినే మైకు పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది. పెనిసిమానీ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆదివారం మొహం పెట్టాడు. మొదటి వరస పేరు చదివింది. ఆ వరస పెద్ద దాచినవన్నీ మోసుకుంటూ, నడుమూపుకుంటూ వచ్చింది. పాట, చప్పట్లు. రెండో వరస ఇంకా ఎక్కువ తెచ్చింది. నిన్న నాలుగో వరస దగ్గర అరువు తెచ్చుకున్నవి కూడా అందులో ఉన్నాయని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

"మూడో వరస," అంది లోసాలినే. "పలూకి."

మూడో వరస లేచి నిలబడింది. పలూకి లేవలేదు. ఆఖరి స్వెట్టరు మెడపట్టీ ఇంకా చక్రం మీదే ఉంది, కొన్ని కన్నులు మిగిలాయి. చేయి ఎత్తి, ఆగమన్నట్టు చూపించి, మళ్లీ వంగింది. కానుక తెచ్చేవాళ్లను ఎవరూ తొందరపెట్టరు. వరస వాళ్లు పాట అందుకున్నారు, ఆలస్యం కనబడకుండా. పాట అయిపోయింది. మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.

లోసాలినే ఉన్నచోటు నుంచి చక్రం కనిపిస్తోంది. పలూకి వేలు కన్ను కోసం వెతుకుతోంది. దొరికిందనుకుని సూది మీద నొక్కుతోంది. కన్ను అక్కడ లేదు. సూది వేలికొసలో దిగింది. పలూకి మొహం మారలేదు, పాటతో పాటు పెదవులు కదులుతూనే ఉన్నాయి. వేలు తీసి పక్క సూది మీద నొక్కింది. లేత పసుపు ఉన్ని మీద చిన్న ఎర్రటి చుక్క, దాని పక్కన ఇంకొకటి. పక్కనున్న తెమలేతి పాడుతూనే చొక్కా అంచుతో ఆ చుక్కల్ని అద్దుతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం శృతి తప్పలేదు.

ఏమైనా అనిపిస్తుందేమోనని లోసాలినే ఎదురుచూసింది. పాట రెండో చరణంలోకి వెళ్లింది. ఏమీ అనిపించలేదు.

మైకును బల్ల మీద పెట్టింది. అది ఒకసారి కీచుమంది. పెద్దవాళ్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు వంగినట్టు నడుము బాగా వంచి, వరసల మధ్యనుంచి నడిచింది. పాట ఒక్కో గొంతే ఆగిపోతూ వచ్చింది. పెనిసిమానీ గోడ వదిలి నిలబడ్డాడు. మేనత్త కుర్చీ పక్కన నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుంది.

పలూకి తల తిప్పలేదు. చక్రాన్నే చూస్తూ అంది, "వద్దు."

లోసాలినే చేయి చాచి, ఆ వేళ్ల మధ్యనుంచి స్వెట్టరు మెడను మెల్లగా లాగి తీసుకుంది. వేళ్లకు తెలియలేదు. ఖాళీ సూదుల మీద అవి ఇంకా కన్ను కోసం వెతుకుతూనే ఉన్నాయి.